పడవ ఫొటోలో నలుగురు

ఆ ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో గొడవ మొదలైంది నాలుగు ఉచిత పాసుల మీద. కూతురు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. క్లినిక్‌కి వచ్చిన ఒకాయన ఇచ్చి వెళ్ళాడట. ఊరి చివరి పెద్ద హాల్లో ప్రయాణాల ఎగ్జిబిషన్. ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చో, తక్కువ ఖర్చులో ఎలా వెళ్ళి రావచ్చో అన్నీ అక్కడే చెబుతారు. కూతురు ఆ పాసులు తల్లి చేతిలో పెట్టి, “అమ్మా, నీకోసమే తెచ్చాను. ఏదన్నా ఒక ఊరు చూసుకో, వెళ్దాం,” అంది. పేపరు చదువుతున్న భర్త తల ఎత్తకుండానే, “అక్కడేముంటుంది, రంగు కాగితాలు, జనం. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఎండన పడి ఎందుకు పోవడం,” అన్నాడు.

మామూలుగా అయితే అక్కడితో ఆ మాట ఆగిపోవాలి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన ‘ఎందుకు’ అన్న ప్రతిదీ అక్కడే ఆగిపోయింది. కానీ ఆ రోజు ఆమె కుట్టుమిషను మీద నుంచి లేచి, చేతికంటిన దారాలు దులుపుకుని, “నేను వెళ్తానండీ. మీరు రాకపోయినా వెళ్తాను,” అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన కూడా పెంచేవాడు, గొడవ గొడవలా సాగేది. నెమ్మదిగా అనేసరికి ఆయనకి ఏం చేయాలో తోచలేదు. కాసేపు విసుక్కున్నాడు, కాసేపు మోకాలు నొప్పన్నాడు, చివరికి చెప్పులు వేసుకున్నాడు.

చుట్టుపక్కల అందరూ ఆమెని కర్టెన్లమ్మ అంటారు. బజారులో తలుపులకీ కిటికీలకీ తెరలమ్మే కొట్టువాళ్ళు కొలతలు పంపితే ఇంట్లో కూర్చుని అంచులు మడిచి కుట్టి ఇస్తుంది. ఎన్ని వందల కిటికీలకి తెరలు కుట్టిందో ఆమెకే తెలియదు. ఆ కిటికీల అవతల ఏముందో మాత్రం ఒక్కసారీ చూడలేదు. పెళ్ళైన కొత్తలో పిల్ల చిన్నదని కదల్లేదు. తర్వాత చేతిలో డబ్బు లేదని కదల్లేదు. ఆ తర్వాత అత్తగారు మంచం పట్టింది. నీటిసరఫరా ఆఫీసులో సూపర్‌వైజరైన భర్త పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తాడు. కూతురుకి చదువు. ఆడపడుచుకి తన ఇల్లు, తన సంసారం. ఇక మిగిలింది కర్టెన్లమ్మ ఒక్కతే. ఆరేళ్ళు...! రెండు గంటలకోసారి పక్క తిప్పడం, వీపుకి పుండ్లు పడకుండా పొడి రాయడం, స్పూనుతో కొంచెం కొంచెంగా తినిపించడం, బట్టలు మార్చడం, మళ్ళీ మార్చడం. ఏడాదిన్నర కిందట ఆవిడ కన్నుమూస్తే ఏడ్చినవాళ్ళందరికంటే ఎక్కువ ఏడ్చింది కోడలే. ఆ తర్వాత కూడా చాలాకాలం రెండు గంటలకోసారి ఉలిక్కిపడి లేచి ఆ ఖాళీ గదిలోకి వెళ్ళి నిలబడేది.

నాలుగో పాసు ఆడపడుచుకి. పేరు ఏదైనా, యాభై దగ్గరపడుతున్నా, ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. దార్లో ఆటో ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే అన్నగారి మొహంకేసి ఒకసారి చూసింది. ఆయన చూపు తిప్పుకుని రోడ్డుకేసి చూశాడు. కర్టెన్లమ్మ అది గమనించలేదు. ఆమె అప్పటికే తన సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి, అడగాల్సిన ప్రశ్నలు రాసుకుంటోంది.

హాల్లో అడుగుపెట్టగానే ఆమెకి కళ్ళు చెదిరాయి. నాలుగు వరసల స్టాళ్ళు. ఒకదాని ముందు మంచు కొండ బొమ్మ, ఒకదాని ముందు ఇసుక పోసి వేసిన వాలుకుర్చీలు, ఇంకోచోట నిజమైన గుడారం. ప్రతి స్టాలువాళ్ళూ వచ్చినవాళ్ళ చేతిలో ఒక గుడ్డసంచి పెట్టి అందులో కాగితాలు పడేస్తున్నారు. ఒక మూల చిన్న వేదిక మీద ఒకాయన మైకులో ఖర్చు తగ్గించుకునే కిటుకులు చెబుతున్నాడు. సెలవుల సీజను దాటాక వెళ్ళండి, వారం మధ్యలో బయల్దేరండి, గదికి డబ్బులు కట్టేముందు వంటిల్లు ఉందో లేదో అడగండి, సామాను ఎవరిది వాళ్ళు మోయగలిగినంతే తీసుకెళ్ళండి. కర్టెన్లమ్మ మొదటి వరసలో కూర్చుని ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. పరీక్షకి కూర్చున్న పిల్లలా తల వంచి రాస్తున్న తల్లిని చూసి కూతురుకి ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. పక్కకి తిరిగి తుడుచుకుంది.

ఆ తర్వాత ఒక్కో స్టాలూ తిరిగింది. ఎవరూ అడగని ప్రశ్నలు అడిగింది. “బస్సు ఎన్ని గంటలకోసారి ఆపుతారమ్మా? ఆడవాళ్ళకి బాత్రూములు ఎక్కడుంటాయి?” “మెట్లెన్ని? మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కగలరా?” “ఒంటరి ఆడమనిషి వస్తే గది ఎవరితో ఇస్తారు?” ఒక స్టాలులో తెల్లజుట్టు మేనేజరమ్మ నవ్వి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, “మావి ఆడవాళ్ళ బస్సులే. డ్రైవరొక్కడే మగాడు,” అని చెప్పింది. కర్టెన్లమ్మ ఆ కాగితాన్ని మడవకుండా నోటుపుస్తకంలో పెట్టుకుంది. ఆ గంటన్నరలో ఆమె మొహం చూసినవాళ్ళెవరూ ఆమెకి యాభై దాటాయని అనుకోరు.

“ఇక చాల్లే, పోదాం. భోజనాల వేళయింది,” అన్నాడు భర్త మూడో వరస అయ్యేసరికి.

“ఇంకో వరస ఉందిగా.”

“అన్నీ ఒకటే వదినా, పేర్లే తేడా,” అంది చిట్టి, ఆమె మోచెయ్యి పట్టుకుని. “ఎక్కడికెళ్ళినా అవే కొండలు, అవే నీళ్ళు.”

“చూడనిదానికి నాకన్నీ కొత్తే చిట్టీ,” అని నవ్వుతూనే చెయ్యి విడిపించుకుని నాలుగో వరసలోకి తిరిగింది కర్టెన్లమ్మ.

చివరి స్టాలు పడవ ప్రయాణాలవాళ్ళది. వెనకగోడ మొత్తం ఒకే ఫొటో. రెండంతస్తుల పెద్ద పడవ పైభాగం, దాని వెనక నీలంగా పరుచుకున్న నీళ్ళు, రెయిలింగు పట్టుకుని విరగబడి నవ్వుతున్న నలుగురు మనుషులు. కింద ‘మీ కుటుంబం, మా పడవ’ అని పెద్ద అక్షరాలు.

ఆమె ముందు నీళ్ళనే చూసింది. ఎన్ని నీళ్ళో అనుకుంది. తర్వాత మనుషుల్ని చూసింది. నీలంగళ్ళ చొక్కా వేసుకున్న మనిషి చొక్కాకి పైనుంచి మూడో గుండీ మిగతా గుండీల రంగులో లేదు. కొంచెం ముదురు. గోడంత ఫొటోలో ఆ గుండీ అరచేయంత ఉంది. ఆ గుండీ కుట్టింది ఆమె. భర్త ఆఫీసు ట్రైనింగుకి నాలుగు రోజులు వేరే ఊరు వెళ్తున్నానని చెప్పి బయల్దేరే ముందురోజు, సరిపోయే గుండీ దొరక్క, దగ్గరదగ్గర రంగుది వెతికి కుట్టింది. కుట్టి, ఇస్త్రీ చేసి, నొప్పుల మందుతో పాటు సంచిలో సర్ది పెట్టింది.

ఆయన పక్కన జుట్టు ఎగురుతుంటే చేత్తో పట్టుకుని నవ్వుతోంది కూతురు. ఆ నాలుగు రోజులు స్నేహితురాలి అక్క పెళ్ళికని వెళ్ళింది ఆ పిల్ల. ఇటుపక్క చిట్టి, చిట్టి మొగుడు. వాళ్ళు అప్పుడు చిట్టి అత్తింటివైపు చుట్టాలింటికి వెళ్ళారు. అందరూ తలో చోటికి వెళ్ళారు. అందరూ ఒకే పడవలో ఉన్నారు.

ఆమె చెవుల్లో మైకు మాటలన్నీ ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించాయి. స్టాలులో అమ్మాయి హుషారుగా దగ్గరికి వచ్చింది. ఆమె చూపు ఫొటో మీదే ఉండటం చూసి, “బావుంది కదా మేడమ్? రెండున్నరేళ్ళ కిందటిది. ఆ పడవలో గైడుని నేనే. చాలా సరదా ఫ్యామిలీ అండీ వాళ్ళు. ఆ గళ్ళచొక్కా ఆయనైతే పాటలు పాడి పడవనంతా నవ్వించారు,” అంది.

ఆయన పాడతాడు. ఆమెకి అది కొత్త సంగతి.

“ఆయన... భార్య రాలేదా అమ్మా?” అని అడిగింది కర్టెన్లమ్మ. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది.

“లేదు మేడమ్. ఆవిడకి నీళ్ళంటే భయమట. ఎంత బతిమాలినా రానందని చెప్పారు.”

నీళ్ళంటే భయం...! చిన్నప్పుడు ఏటి అవతల బడికి రోజూ నాటుపడవలో వెళ్ళి వచ్చిన మనిషి ఆమె. వరద రోజుల్లో మగపిల్లలు గట్టున ఆగిపోతే, పడవవాడి పక్కన నిలబడి తెడ్డు వేసిన మనిషి. పెళ్ళైన మొదటి నెలలో ఆ సంగతి భర్తకి గొప్పగా చెప్పుకుంది. ఆయన వినలేదో, విని మరిచిపోయాడో, గుర్తుండి కూడా అలా అన్నాడో. మూడిట్లో ఏది నయమో ఆమెకి తేలలేదు.

అప్పుడే వెనకనుంచి ముగ్గురూ వచ్చారు. ఫొటో చూశారు. స్టాలు అమ్మాయి ఫొటోకేసీ వాళ్ళకేసీ మార్చి మార్చి చూసి, “అరె, మీరే కదా సార్,” అని సంతోషంగా అంది. చిట్టి మొహం పక్కకి తిప్పుకుంది. ఆ అమ్మాయి నవ్వు మెల్లగా ఆరిపోయింది.

హాలు పక్కన భోజనాల చోట నాలుగు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరూ ఏమీ తెచ్చుకోలేదు. పక్క బల్ల మీద ఎవరి పిల్లలో గుడ్డసంచులు తలకి తొడుక్కుని ఆడుకుంటున్నారు.

ముందు ఏడ్చింది కూతురు. “అమ్మా, నీకు చెప్తే బాధపడతావని... నువ్వెలాగూ రాలేవు కదా, చెప్పి నిన్ను ఏడిపించడం ఎందుకని నాన్న అన్నారు. అప్పటినుంచీ ఒక్క రోజూ నిద్ర సరిగా పట్టలేదమ్మా. అందుకే ఈ పాసులు...”

“ఎవరో ఒకళ్ళు అమ్మ దగ్గర ఉండాలి కదా వదినా,” అంది చిట్టి, చేతులు నలుపుకుంటూ. “అందరం వెళ్ళడం ఎలా కుదురుతుంది చెప్పు.”

“ఉండాలి,” అంది కర్టెన్లమ్మ. “మీ అమ్మ దగ్గర ఎవరో ఒకళ్ళు ఉండాలి. ఆ ఎవరో ఒకళ్ళు నేనే ఎందుకయ్యానో ఆరేళ్ళలో ఒక్కసారి అడిగావా చిట్టీ?”

చిట్టి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

“మీరు వెళ్ళిన మూడోరోజు పొద్దున్న ఆవిడకి పక్షవాతం తిరగబెట్టింది. మీ అందరికీ ఫోన్లు చేశాను. ఒక్కటీ కలవలేదు. పక్కింటి పాలవ్యాను అబ్బాయి, నేనూ దుప్పట్లో మోసుకుని మెట్లు దిగాం. సగం మెట్ల మీద నా చెయ్యి జారింది. ఆవిడ తల గోడకి తగలకూడదని నా మోచెయ్యి అడ్డం పెట్టాను. ఆ తర్వాత ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏమనుకున్నానో తెలుసా? పాపం, ఈయన ట్రైనింగులో ఉన్నారు, ఫోను చూసుకునే వీలు ఉండదు, కంగారుపడతారు, నెమ్మదిగా చెప్పాలి అనుకున్నాను.”

భర్త అంతసేపూ బల్ల మీది మరకని గోటితో గీకుతున్నాడు. ఇప్పుడు తలెత్తాడు. “నేనేం దొంగతనంగా వెళ్ళలేదు. అమ్మకి చెప్పే వెళ్ళాను. ఆ గదిలోకి వెళ్ళి, పడవ మీద తిరిగొస్తామమ్మా అని చెప్పాను. ఆవిడ తలూపింది కూడా.”

పడవ అన్న మాట దగ్గరే కర్టెన్లమ్మ మనసు ఆగిపోయింది.

వాళ్ళు వెళ్ళిన రోజు మధ్యాహ్నం నుంచి అత్తగారు ఒకటే మాట. పడవ. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, పడవ, పడవ. అప్పటికే ఆవిడకి మాట సరిగా రావడం లేదు. నోట్లో నాలుగు మాటలుంటే ఒకటి బయటికి వచ్చేది. చివరి రోజులొచ్చిన వాళ్ళకి ఏరు కనిపిస్తుందంటారు, అలాంటిదేమోనని కోడలు భయపడింది. “ఏ పడవా లేదత్తయ్యా, నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను,” అని వీపు నిమిరింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కోపంగా ఊపింది. మళ్ళీ పడవ అంది. మూడోరోజు వచ్చిన పక్షవాతం ఆ ఒక్క మాటనీ తీసుకుపోయింది. ఆ తర్వాత ఏడాది బతికినా ఆవిడకి మళ్ళీ మాట రాలేదు. కోడలు మొహం చూసినప్పుడల్లా మాత్రం కళ్ళవెంట నీళ్ళు కారేవి. అందరూ అది జబ్బు లక్షణమన్నారు.

“ఆవిడ నాకు చెప్పాలని చూసిందండీ,” అంది కర్టెన్లమ్మ మెల్లగా. “కదల్లేని మనిషి, మాటరాని మనిషి... మీరంతా కలిసి దాచిన సంగతి చెప్పాలని రెండు రోజులు పెనుగులాడింది. నా పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషి ఆవిడ. ఆవిడని నేను చంటిపిల్లని జోకొట్టినట్టు జోకొట్టి పడుకోబెట్టాను.”

అప్పుడు వచ్చాయి ఆమెకి కన్నీళ్ళు. తనకోసం కాదు. ఆ గదిలో, ఆ మంచం మీద, నాలుక తిరక్క, చెప్పింది ఎదుటిమనిషికి అర్థం కాక, తల అడ్డంగా ఊపిన ముసలావిడ కోసం.

భర్త కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఈసారి ఆయన గొంతులో సర్దిచెప్పే తీరు లేదు. “నిజం చెప్పమంటావా? నీకు సెలవు దొరకదని కాదు. నర్సుని పెట్టుకుని నిన్నూ తీసుకెళ్ళొచ్చు. ఆ మాట కూడా అనుకున్నాం. కానీ... నాలుగు రోజులు ఆ గది గుర్తురాని చోట ఉండాలనిపించింది. నువ్వు వస్తే ఆ గది కూడా వచ్చినట్టే ఉండేది. నీ బట్టల్లో, నీ చేతుల్లో ఆ మందుల వాసన. నువ్వెక్కడున్నా రెండు గంటలకోసారి గడియారం చూస్తావు. నేను తప్పే చేశాను.”

కూతురు “నాన్నా” అని ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయింది. అప్పటికే అనవలసింది అనేశాడు. అబద్ధం కంటే ఆ నిజమే లోతుగా దిగింది. తన తల్లి వాసన తనకి అంటకుండా ఉండాలని భార్యకి అంటించాడు. అంటించాక, ఆ వాసనకి భయపడి భార్యకి దూరంగా పారిపోయాడు. కర్టెన్లమ్మకి ఆ లెక్క అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. తన అరచేతులు ఒకసారి చూసుకుని ఒడిలో పెట్టుకుంది.

ఆయన గబగబా లేచాడు. “పద. ఇప్పుడే అదే పడవకి కట్టేస్తాను. మనిద్దరమే వెళ్దాం. ఎగ్జిబిషన్ రేటు కూడా ఉంది.”

“కూర్చోండి,” అంది ఆమె. “చేతులు కాలాక ఆకులు ఎందుకు. ఆ పడవ ఎక్కితే నాకు నీళ్ళు కనిపించవు. మీరు నలుగురూ నిలబడిన చోటు కనిపిస్తుంది.”

నోటుపుస్తకంలోని కాగితం తీసుకుని ఒక్కతే మళ్ళీ హాల్లోకి వెళ్ళింది. తెల్లజుట్టు మేనేజరమ్మ దగ్గర పదిహేను నిమిషాలు కూర్చుని, కర్టెన్ల డబ్బులతో ఆడవాళ్ళ బస్సులో ఒక సీటు రాయించుకుని వచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో పెద్ద మార్పేమీ కనిపించలేదు. వంట అదే వేళకి అయింది. చొక్కాలు ఇస్త్రీ అయ్యాయి. ఆయన ఏదన్నా అడిగితే సమాధానం చెప్పేది. తానై మాత్రం ఏమీ చెప్పేది కాదు. కూతురు రోజూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేది. ఒకరోజు, “నన్ను తిట్టమ్మా, కొట్టు, ఇలా ఉండకు,” అని ఏడిస్తే, తల మీద చెయ్యి వేసి, “తిట్టడానికి కోపం ఉండాలి కదే,” అంది. పిల్లని క్షమించిందో లేదో ఆమెకీ తెలియదు. చెయ్యి మాత్రం తీయలేదు.

రెండు నెలలకి చిట్టికి మోకాలు ఆపరేషను పడింది. మూడు వారాలు మంచం దిగకూడదన్నారు. చిట్టి మొగుడు పనిమీద పైఊళ్ళో ఉన్నాడు. భర్త ఒక పొద్దున్న ఆమె మిషను పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, “చిట్టి నిన్నే తలుచుకుంటోంది. నీకు అలవాటైన పని. ఒక పది రోజులు నువ్వు వెళ్తే...” అన్నాడు.

“ఎల్లుండి నా బస్సు,” అంది ఆమె, సూదిలో దారం ఎక్కిస్తూ.

“అది తర్వాతైనా వెళ్ళొచ్చు కదా.”

“మీ అమ్మని చూశాను. ఇష్టపడే చూశాను, అందులో నాకు ఏ చింతా లేదు. మీ చెల్లెల్ని మీరు చూసుకోండి. సెలవు పెట్టండి. ట్రైనింగులకి పెట్టారుగా.”

ఆమె తెర అంచు మడిచి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

బయల్దేరిన రోజు కూతురు బస్సుదాకా వచ్చింది. సంచి పైకి అందించి, “నేనూ రానా అమ్మా? సీట్లు ఖాళీగానే ఉన్నాయి,” అని ఆశగా అడిగింది. “వద్దమ్మా. నువ్వొస్తే నిన్ను చూసుకోవడంతోనే సరిపోతుంది నాకు. అత్త దగ్గరికి వెళ్ళు, మీ నాన్నకి సాయం చెయ్యి,” అంది. బస్సు కదిలింది. పక్క సీట్లో రిటైరైన లెక్కల టీచరు వెంటనే తన మనవల ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. కర్టెన్లమ్మ అన్నీ చూసింది. కిటికీ తెర అంచు కుట్టు వంకరగా పోవడం చూసి, అలవాటుగా వేలితో సరిచేసి, తెరని పక్కకి లాగేసింది.

రెండోరోజు మధ్యాహ్నం పెద్ద చెరువు గట్టున ఆపారు. అందరూ ఫొటోలు దిగుతున్నారు. ఆమె చెప్పులు విప్పి చివరి మెట్టు మీద కూర్చుని, చల్లటి నీళ్ళలో పాదాలు పెట్టింది. సంతోషమేనా ఇది అని వెతుక్కుంది. ఉంది, కాకపోతే ఆలస్యంగా వచ్చిన చుట్టంలా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఇంతలో ఫోను మోగింది. భర్త.

“చిట్టిని పక్కకి తిప్పాలి. అరుస్తోంది. ఎలా తిప్పాలో తెలియట్లేదు. నా నడుం పట్టేసింది,” అన్నాడు. ఆయాసపడుతున్నాడు.

ఆమె ఓపికగా చెప్పింది. ముందు రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టండి. చేతులతో లాగకండి, దుప్పటితో సహా జరపండి. మీ వైపు తిప్పుకోండి, అవతలికి కాదు. ఆమె భుజం కింద చెయ్యి ఉంచి, ఒకటి రెండు మూడు అని చెప్పి తిప్పండి. ఫోను పక్కన పెట్టిన చప్పుడు, మూలుగు, మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించాయి.

“రెండు రోజులకే చేతులు పడిపోయాయి నాకు,” అన్నాడాయన చివరికి. “ఆరేళ్ళు... ఒక్కదానివి... ఎలా చేశావు? ఒక్కరోజు కూడా నేను అడగలేదు. నా తల్లికి నేను చేయాల్సిందంతా నువ్వు చేశావు. నీకు నేను చేసింది...” ఆయన ఏడుస్తున్నాడు. పెళ్ళైన తర్వాత ఆమె ఆ ఏడుపు వినడం అదే మొదటిసారి.

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో. అత్తగారి గదిలో పక్క మారుస్తూ, తలుపు దగ్గర ఆయన అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా, ఇవాళ అంటాడేమో, లోపలికి వచ్చి భుజం మీద చెయ్యేసి ఒక్క ముక్క అంటాడేమో అనుకునేది. అడుగులు ముందుగదిలోకి వెళ్ళిపోయేవి. ఇప్పుడు ఆ మాట వచ్చింది. నిజంగానే, మనసు లోపల్నించే వచ్చింది. ఆకలి చచ్చిపోయాక ముందుకొచ్చిన విస్తరిలా ఉంది. తోసేయడానికి మనసొప్పదు, తినడానికి నోరు రాదు.

“ఏడవకండి,” అంది ఆమె. “ఆమెకి మందులు ఇచ్చే వేళయింది. ఏదన్నా తినిపించాకే వేయండి.”

“నువ్వు... నన్ను...” అన్నాడు ఆయన.

ఆమె నీళ్ళకేసి చూసింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. గట్టు మీదనుంచి లెక్కల టీచరు చెయ్యి ఊపుతూ పిలుస్తోంది.

“భోజనాలకి పిలుస్తున్నారండీ. ఉంటాను,” అని ఫోను పెట్టేసి, తడికాళ్ళతోనే మెట్లెక్కింది.